9080 నంబరు తలుపు

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్లకు కాస్త దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. చీరాల నుంచి ఆరు కిలోమీటర్లు వస్తే తగిలే వాడరేవు ఆ తుపాను దారికి దగ్గర్లోనే ఉంది. అలాంటి రోజుల్లో ఈ చుట్టుపక్కల రెండు రకాల మనుషులకి రెండు రకాల సమాచారం అత్యవసరం. బోటు ఉన్నవాళ్ళకి సముద్రం సంగతి తెలియాలి: అలలు ఎంత ఎత్తు లేస్తాయి, గాలి ఎప్పటికి తగ్గుతుంది, వలలు ఎక్కడిదాకా లాగి పెట్టాలి. వాడరేవు నుంచి బయల్దేరే 167ఏ జాతీయ రహదారి చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్ళ దాకా పత్తి, మిర్చి పొలాల మధ్య సాగుతుంది. ఆ పొలాలవాళ్ళకి గుంటూరు యార్డు సంగతి కావాలి: కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తేజ రకం మిర్చి ఇప్పుడు అమ్మాలా, ఆగాలా?

ఈ సమాచారమంతా ఉంది. ప్రజల డబ్బుతోనే తయారవుతోంది. సముద్రపు స్థితిని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ లెక్కగడుతుంది. 1999లో మొదలైన ఆ సంస్థే 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా చూస్తోంది. తుపాను బులెటిన్లు వాతావరణ శాఖవి. విపత్తు హెచ్చరికలన్నీ ‘సచేత్’ అనే జాతీయ వేదిక మీదికి చేరతాయి. యార్డుల ధరలు 2000లో మొదలైన అగ్‌మార్క్‌నెట్‌లోకి ఎక్కి, అక్కణ్ణుంచి కేంద్ర ప్రభుత్వపు బహిరంగ డేటా వేదికలోకి వస్తాయి. అయితే ఒక్కోటీ ఒక్కో చోట ఉంది, ఒక్కో రూపంలో ఉంది, ఒక్కో షరతు పెడుతుంది. వీటన్నిటినీ ఒకే చోటికి తెచ్చి, వాడరేవులో ఒక చిన్న ఫోన్ యాప్‌కి తెలుగులో అందించాలనుకునే డిగ్రీ విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి? తన ల్యాప్‌టాప్‌లోనే, ఒక ఏపీఐ గేట్‌వేతో. ఈ అధ్యాయం దాని గురించి.

ముందు ఏపీఐ అంటే ఏమిటో చూద్దాం. మనిషి వెబ్‌సైటు తెరిస్తే రంగులు, బొమ్మలు, మెనూలు కనిపించాలి. ప్రోగ్రాముకి అవేవీ అక్కర్లేదు. ఫలానా రాష్ట్రం, ఫలానా మార్కెట్, ఫలానా సరుకు అని అడుగుతుంది. సమాధానంగా మార్కెట్ పేరు, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అన్నవి వరుసలు వరుసలుగా వస్తే చాలు. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. రైతుకి పనికొచ్చేది అదే. గరిష్ఠ ధర నాలుగు మంచి బస్తాలకి పలికినదై ఉండవచ్చు. ఇలా ఒక కంప్యూటర్ మరోదాన్ని అడగడానికీ, జవాబు అందుకోవడానికీ ముందుగా కుదుర్చుకున్న పద్ధతే ఏపీఐ. బహిరంగ డేటా వేదిక ఇందుకు ఒక కీ ఇస్తుంది. అక్కడ పరీక్షకోసం అందరికీ ఇచ్చే నమూనా కీతో ఒకసారికి పది వరుసలే వస్తాయి. సొంత కీ కావాలంటే పేరు నమోదు చేసుకోవాలి.

ఇప్పుడు గేట్‌వే. గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడి చూస్తే దీని పని అర్థమవుతుంది. లోపల కమీషన్ దుకాణాలు వందలు ఉన్నా, లారీ ముందు గేటు దగ్గరే ఆగాలి. బండి ఎవరిది, సరుకు ఎంత, ఏ దుకాణానికి అన్నది నమోదవుతుంది, లాటు నంబరు పడుతుంది, రద్దీగా ఉంటే బయటే ఆపుతారు. దుకాణదారులు ఎవరికివారు ఈ పనులన్నీ చేసుకోనక్కర్లేదు. ఏపీఐ గేట్‌వే కూడా లోపలి సర్వర్ల తరఫున ఈ పనులే చేస్తుంది: వచ్చిందెవరో చూడటం, ఎక్కడికి పంపాలో తేల్చడం, ఎక్కువైతే ఆపడం, లెక్క రాసిపెట్టడం. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ‘మన మిత్ర’లో పౌరుడికి కనిపించేది ఒక్క వాట్సాప్ నంబరే. వెనక ఉన్నవి రెవెన్యూ, దేవాదాయ, విద్యుత్ శాఖలు, ఆర్టీసీ. ముందు ఒక్క తలుపు, వెనక అనేక గదులు అన్న ఏర్పాటు ఎంత పెద్ద స్థాయిదైనా దాని మూల సూత్రం ల్యాప్‌టాప్ మీద చూడగలిగేదే.

స్వేచ్ఛగా దొరికే గేట్‌వేలు చాలానే ఉన్నాయి. మన పక్కనున్న శ్రీలంకలో 2005లో పుట్టిన డబ్ల్యూఎస్ఓటూ కంపెనీది ఒకటి, చాలా పెద్దది, జావా మీద నడుస్తుంది, మెమరీ బాగా అడుగుతుంది. కాంగ్ అనేది 2015లో బహిరంగమైంది. ఇక్కడ నేను అపాచీ ఏపీఐసిక్స్‌ని ఎంచుకుంటున్నాను. తేలికైనది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, దాని లోపల ఏం జరుగుతోందో ఒక్క ఫైలు చదివి తెలుసుకోవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్ వంశవృక్షం చూస్తే నాకు చాలా సంతోషం కలుగుతుంది. చైనా ఇంజనీర్లు 2019లో రాసి, అదే ఏడాది అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేశారు. దాని పునాది ఎన్‌జిన్‌ఎక్స్. ఒకే యంత్రం పదివేల మందికి ఒకేసారి ఎలా జవాబివ్వగలదన్న చిక్కుకి సమాధానంగా రష్యాలో ఇగోర్ సిసోయెవ్ రాసి 2004లో విడుదల చేసిన వెబ్ సర్వర్ అది. దానికి పైన నియమాలు రాసే భాష లువా. అది 1993లో రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. విదేశీ సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ కొనడం మీద బ్రెజిల్‌లో అప్పట్లో గట్టి ఆంక్షలుండేవి. చమురు కంపెనీ పెట్రోబ్రాస్ ఇంజనీర్ల అవసరం కోసం అక్కడివాళ్ళు సొంతంగా భాష కట్టుకున్నారు. ఆ భాషే ఇప్పుడు వాడరేవులో మిర్చి ధర అడిగినవాళ్ళని లోపలికి రానివ్వాలా వద్దా అని తేలుస్తుంది. ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టలేదు. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. తెలుగులో కంప్యూటర్ వాడాలన్న పట్టుదలతో హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు ఏళ్ళుగా చెబుతున్న మాట ఇదే: సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగిచూసే హక్కు అందరికీ ఉండాలి.

ఇక పనిలోకి దిగుదాం. ముందు కావలసింది డాకర్. 2013లో వచ్చిన ఈ పరికరం ఒక ప్రోగ్రామునీ, అది నడవడానికి కావలసిన సరంజామానీ కలిపి ‘కంటైనర్’గా నడుపుతుంది. మన యంత్రంలోని మిగతావాటిని అది కెలకదు, వద్దనుకుంటే ఒక్క ఆదేశంతో తీసేయవచ్చు. ఉబుంటూ మీద నేరుగా ఎక్కుతుంది. విండోస్ మీద దాని లోపలి లినక్స్ పొరని ముందు ఆన్ చేసుకోవాలి. ఏపీఐసిక్స్ కంటైనర్ని దింపుకున్నాక ఒక నిర్ణయం తీసుకోవాలి. మామూలుగా ఇది తన నియమాలని ఎట్‌సీడీ అనే వేరే డేటాబేసులో దాచుకుంటుంది. పది సర్వర్లున్నచోట అది అవసరం. ఒక్క ల్యాప్‌టాప్‌కి ‘స్టాండలోన్’ పద్ధతి చాలు: నియమాలన్నీ యామెల్ పద్ధతిలో రాసిన ఒక టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి, గేట్‌వే సెకనుకోసారి ఆ ఫైలు మారిందా అని చూసుకుంటుంది, మారితే కొత్త నియమాలని అమల్లో పెడుతుంది.

ఆ ఫైలు చివరి వరుసలో హాష్ గుర్తు పెట్టి, దాని వెంట ‘ఎండ్’ అని పెద్ద అక్షరాల్లో రాయాలి. చూడటానికి పనికిమాలిన వ్యాఖ్యలా ఉంటుంది. లేకపోతే గేట్‌వే ఆ ఫైలుని అసలు పట్టించుకోదు. కారణం తెలిస్తే అందులో తెలివి కనిపిస్తుంది. సెకనుకోసారి చూసే ప్రోగ్రాము, మనం సేవ్ చేస్తున్న క్షణంలోనే ఫైలు తెరిస్తే సగం రాసిన నియమాలు చదివే ప్రమాదముంది. చివరి గుర్తు కనబడితేనే ఫైలు పూర్తయిందని దానికి నమ్మకం.

గేట్‌వే మామూలుగా 9080 నంబరు పోర్టు దగ్గర వింటుంది. ఒక కంప్యూటర్‌కి చిరునామా ఒకటే అయినా 65,535 పోర్టులుంటాయి. ఏ ప్రోగ్రాము ఏ నంబరు దగ్గర కాచుకుని ఉందో దాన్నిబట్టి వచ్చిన సందేశం దానికి చేరుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. పోర్టు తెరవమని ఉత్త నంబరు మాత్రమే చెబితే, డాకర్ దాన్ని ఆ యంత్రానికున్న అన్ని నెట్‌వర్కుల వైపూ తెరుస్తుంది. ఉబుంటూలో మనం పెట్టుకున్న ఫైర్‌వాల్ నియమాలని కూడా దాటేస్తుంది. కాలేజీ వైఫైలో ఉన్న ప్రతి ఒక్కరికీ మన తలుపు కనిపిస్తుంది. నేర్చుకునే దశలో 127.0.0.1 అన్న చిరునామాని నంబరుకి ముందు చేర్చాలి. ఆ చిరునామా అర్థం ‘ఈ యంత్రం మాత్రమే’.

నడిపాక బ్రౌజర్లో 9080ని అడిగితే మొదట వచ్చే జవాబు 404, దారి దొరకలేదని. కంగారు పడక్కర్లేదు. తలుపు పనిచేస్తోంది, లోపల గదులింకా కట్టలేదు, అంతే. జవాబు పైభాగంలో సర్వర్ పేరు చూస్తే ఏపీఐసిక్స్ అనే ఉంటుంది.

ఇప్పుడు రెండు దారులు వేద్దాం. ‘మిర్చి’ అని వచ్చినవి కేంద్ర డేటా వేదికకి వెళ్ళాలి. ‘సముద్రం’ అని వచ్చినవి మన ల్యాప్‌టాప్‌లోనే నడిచే చిన్న పైథాన్ ప్రోగ్రాముకి వెళ్ళాలి. ఇన్‌కాయిస్, వాతావరణ శాఖల తాజా బులెటిన్ని తెచ్చి తెలుగులో సర్ది ఇవ్వడం దాని పని. వెనకనుండి జవాబిచ్చే వీటిని ఎగువ సర్వర్లు అందాం.

దాదాపు కొత్తవాళ్ళందరూ ఇక్కడే రెండు చోట్ల ఇరుక్కుంటారు. రెండూ శాస్త్రం దృష్ట్యా తెలుసుకోదగ్గవే. మొదటిది: బ్రౌజరు తను ఎవరిని అడుగుతోందో ఆ పేరుని ప్రతి అభ్యర్థనతో పాటు పంపుతుంది. ఒకే ఐపీ చిరునామా మీద వందల వెబ్‌సైట్లు ఉండొచ్చు, ఈ పేరు చూసే సర్వర్ ఏది చూపాలో నిర్ణయిస్తుంది. మనం అడిగింది 127.0.0.1ని కాబట్టి, గేట్‌వే ఆ పేరునే కేంద్ర డేటా వేదిక సర్వర్‌కి మోసుకెళుతుంది. ఆ పేరుతో అక్కడ ఏదీ లేదు, జవాబు తేడాగా వస్తుంది. ‘ఎగువ సర్వర్ పేరే పంపు’ అని ఫైల్లో ఒక్క వరుస చేర్చితే సరిపోతుంది. రెండోది: పైథాన్ ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లో 127.0.0.1 దగ్గరే ఉంది కదా అని గేట్‌వేకి ఆ చిరునామా ఇస్తే 502 అని లోపం వస్తుంది. ఎందుకంటే గేట్‌వే కంటైనర్ లోపల ఉంది. అక్కడ ‘ఈ యంత్రం’ అంటే ఆ కంటైనరే. బయటి ల్యాప్‌టాప్‌ని పిలవడానికి డాకర్ ఒక ప్రత్యేకమైన పేరు ఇస్తుంది. విండోస్‌లో అది దానంతటదే పనిచేస్తుంది, లినక్స్‌లో కంటైనర్ని నడిపేటప్పుడు ఒక మాట అదనంగా చేర్చాలి.

దారులు పడ్డాక కాపలా. ఫోన్ యాప్‌లో ప్రభుత్వపు కీని నేరుగా పెడితే, యాప్‌ని విప్పి చూసిన ఎవరికైనా అది దొరుకుతుంది. గేట్‌వే ఉంటే ఆ కీ దాని దగ్గరే ఉంటుంది, లోపలికి పంపేటప్పుడు అదే చేరుస్తుంది. ఫోన్లకి మనం వేరే కీలు ఇస్తాం. ఒక కీ బయటపడితే దాన్నొక్కదాన్నే రద్దు చేస్తే పోతుంది. కీ లేకుండా వచ్చినవాళ్ళకి 401 అని జవాబు వెళుతుంది.

తర్వాత వచ్చేది పరిమితి: నిమిషానికి ఎన్నిసార్లు అడగవచ్చు? దీనికి ‘లిమిట్ కౌంట్’ అనే ప్లగిన్ (గేట్‌వేకి తగిలించుకునే చిన్న భాగం) ఉంది. మనం ఏమీ చెప్పకపోతే అది రెండు పనులు చేస్తుంది, రెండూ వాడరేవుకి నప్పవు. పరిమితి దాటినవాళ్ళకి 503 అంటుంది. ఆ సంఖ్యకి అర్థం సర్వర్ పనిచేయడం లేదని. అవతలివాళ్ళు సేవే పడిపోయిందనుకుంటారు. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేరిన 429 అన్నది సరైన సంఖ్య: మరీ ఎక్కువసార్లు అడిగారు, కాస్త ఆగండి. దాన్ని మనమే మార్చాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యమైంది. ఎవరు ఎన్నిసార్లు అడిగారో ఈ ప్లగిన్ ఐపీ చిరునామాని బట్టి లెక్కపెడుతుంది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలక, మొబైల్ కంపెనీలు వేల ఫోన్లని ఒకే చిరునామా వెనక ఉంచుతున్నాయి. అంటే చిరునామాకి నిమిషానికి ముప్పై అని పెడితే, అది ఒక మనిషికి పెట్టిన పరిమితి కాదు, ఊరికి పెట్టిన పరిమితి కావచ్చు. మామూలు రోజుల్లో ఎవరికీ తేడా తెలియదు. తుపాను రోజున ఊరంతా ఒకేసారి అడుగుతుంది, ముప్పై ఒకటో ఇంటికి జవాబు రాదు. అందుకే లెక్క ఫోన్‌కి ఇచ్చిన కీని బట్టి పెట్టాలి. సముద్రం దారికి పరిమితి మిర్చి దారి కన్నా ఎంతో ఎక్కువ ఉండాలి.

నేను ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది క్యాష్ గురించి. ఒకరికి ఇచ్చిన జవాబుని గేట్‌వే కొంతసేపు దాచుకుని, అదే ప్రశ్న మళ్ళీ వస్తే ఎగువకి వెళ్ళకుండా తనే ఇచ్చేయడాన్ని క్యాష్ అంటారు. ఏపీఐసిక్స్ ప్రతి జవాబుతోనూ ఒక గుర్తు పంపుతుంది: ‘మిస్’ అంటే ఎగువ నుంచి తెచ్చింది, ‘హిట్’ అంటే దాచుకున్నది. సిగ్నల్ బలహీనంగా ఉండే తీరంలో ఇది పెద్ద మేలు. రెండొందలమంది గుంటూరు ధర అడిగినా గేట్‌వే కేంద్ర డేటా వేదికకి ఒక్కసారే వెళ్ళి వస్తుంది. ఎంతసేపు దాచాలన్నది ఫైల్లో ఒక్క అంకె. అందరూ దాన్ని వేగానికి సంబంధించిన అంకెగా చూస్తారు. నేనలా చూడలేను. యార్డు ధర రోజుకోసారి మారేది. గంట పాతదైనా నష్టం లేదు, యార్డుకి సెలవైతే నిన్నటిదే ఇవాళ్టిది. దాని పక్కనే తుపాను బులెటిన్ పెట్టండి. తుపాను బలపడ్డాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, తీరం దాటే ముందు గంట గంటకీ ఇస్తుంది. రెండు దారులకీ కలిపి ఆరు గంటలు అని ఒకే అంకె పెట్టారనుకోండి. గేట్‌వే ఏ లోపమూ చూపదు. ప్రతి జవాబుకీ ‘హిట్’ అని గర్వంగా రాస్తుంది. ఫోన్లో మాత్రం సముద్రం శాంతంగా ఉన్నట్టే ఉంటుంది. ఈలోగా ఒకటో రెండో కొత్త బులెటిన్లు వచ్చి ఉంటాయి, తీరం దాటే ముందైతే ఇంకా ఎక్కువే. 502 వస్తే మనిషి జాగ్రత్త పడతాడు, ఇంకెవరినైనా అడుగుతాడు. పాత జవాబు చూసినవాడు నమ్మి బోటు తీస్తాడు.

హెచ్చరికల ప్రమాణం రాసినవాళ్ళు దీన్ని ముందే ఆలోచించారు. సచేత్ వాడే క్యాప్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో ప్రతి హెచ్చరికకీ ఎప్పుడు పంపారో, ఎప్పటివరకు చెల్లుతుందో రాసేందుకు ప్రత్యేకమైన గడులున్నాయి. మన పైథాన్ ప్రోగ్రాము ఆ రెండు సమయాలనీ పారేయకుండా జవాబులో పెట్టాలి. ఫోన్ తెరమీద అవి పెద్ద అక్షరాల్లో కనబడాలి, గడువు దాటినదాన్ని యాప్ చూపించకూడదు. సముద్రం దారికి క్యాష్ పూర్తిగా తీసేయమనే నా సలహా. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకి నిషేధం ఉన్న 61 రోజుల్లోనూ తీసే ఉంచాలి. తుపానులు మే నెలలోనూ వస్తాయి, ఒడ్డున కట్టేసిన బోట్లు కూడా కొట్టుకుపోతాయి.

ల్యాప్‌టాప్‌లో ఇదంతా బాగా నడిచాక చాలామంది స్టాండలోన్ పద్ధతి వదిలి ఎట్‌సీడీతో నడిచే పూర్తి రూపానికి వెళతారు. అప్పుడు నియమాలు మార్చడానికి వేరే తలుపు తెరుచుకుంటుంది, దాని పోర్టు 9180. ఏపీఐసిక్స్ పాత వెర్షన్లలో ఈ నిర్వాహక తలుపుకి అందరికీ ఒకే కీ ఇచ్చేవాళ్ళు, అది వాళ్ళ పత్రాల్లోనే అచ్చయి ఉండేది. దాన్ని మార్చకుండా వదిలేసి, ఆ తలుపుని బయటికి కూడా తెరిచిపెట్టినవాళ్ళ గేట్‌వేలోకి ఎవరైనా దూరి తమ నియమాలు రాసుకోవచ్చు. 2020లో దీన్ని అధికారికంగా భద్రతా లోపాల జాబితాలో చేర్చారు. ఏ గేట్‌వే పెట్టినా మొదటి రోజే చేయాల్సింది ఆ కీ మార్చడం, ఆ పోర్టుని బయటికి కనబడకుండా ఉంచడం. వాడరేవులాంటి చోట కరెంటు పోయి వచ్చినప్పుడు కంటైనర్ తనంతట తను లేచేలా ‘రీస్టార్ట్’ నియమం కూడా అప్పుడే పెట్టేయాలి. అది చెప్పకపోతే యంత్రం లేస్తుంది, గేట్‌వే లేవదు.

చివరిది లాగ్ ఫైలు. లోపలికి వచ్చిన ప్రతి అభ్యర్థననీ గేట్‌వే ఒక్కో వరుసగా రాసుకుంటుంది: చిరునామా, సమయం, అడిగిన దారి, దాని వెంట వచ్చిన వివరాలు. ఎక్కడ పాడైందో వెతకడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కానీ యాప్ ‘నేనున్న చోట అలలెలా ఉన్నాయి’ అని అక్షాంశ రేఖాంశాలతో అడిగేలా రాస్తే, ఏ బోటు ఏ వేళ ఏ నీళ్ళలో ఉందో ఆ ఫైల్లో పోగవుతుంది. చేపలు దొరికే చోటు ఎవరూ పక్కబోటుకి కూడా చెప్పరు. తరాలుగా సంపాదించుకున్న ఆ తెలివిని ఒక ల్యాప్‌టాప్‌లోని టెక్స్ట్ ఫైలు బయటపెట్టకూడదు. యాప్ రేవు పేరుతోనే అడగాలి: వాడరేవు, నిజాంపట్నం, మచిలీపట్నం. తీరం వెంట సూచన ఇవ్వడానికి రేవు పేరు చాలు. వారం దాటిన పాత లాగులని చెరిపేసే ప్లగిన్ ఏపీఐసిక్స్‌తో పాటే వస్తుంది. దాన్ని ఆన్ చేయడం కూడా ఇన్‌స్టాలేషన్‌లో భాగమే.